సముద్రం దగ్గరే... ఆసుపత్రి మాటేమిటి?

రిటైరయ్యాక చలికాలం గడపడానికి సూర్యలంకలోనో, వాడరేవులోనో చిన్న ఇల్లు కొందామనుకుంటున్నారా? మంచి ఆలోచనే. మిర్చి ఘాటు ఉండదు, పొద్దున్నే ఇసుకలో నడవొచ్చు. అయితే అడ్వాన్సు ఇచ్చేముందు సముద్రం ఎంత దగ్గరో కాదు, ఆసుపత్రి ఎంత దూరమో చూడండి.

మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోగా పడాలి. అదీ స్కాన్ తీశాకే. అర్ధరాత్రి మీ ఆయనకు మాట తడబడితే ఏ ఆసుపత్రికి వెళ్లాలి? అక్కడ స్కాన్ ఉందా? కారు ఎవరు నడుపుతారు? ఈ జవాబులు ముందే కాగితం మీద రాసుకోవాలి. 108 నంబరు పక్కింటివారికీ గుర్తుండాలి.

మన తీరంలో చలికాలం మొదట్లో తుపాన్ల భయమూ ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అందుకే సంక్రాంతి వెళ్లాక బయల్దేరడం మేలు. బీపీ, షుగరు మందులు నెలకు సరిపడా వెంట ఉంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం మనుషులు. పెద్ద వయసులో రోజూ పలకరించేవాళ్లు లేకపోతే సముద్రపు గాలి కూడా దిగులు తీర్చదు. ముందు ఒక నెల అద్దెకుండి చూడండి. కొనాలో వద్దో అప్పుడు మీకే తెలుస్తుంది.