పల్లకీ ఎక్కేటోళ్లు, మోసేటోళ్లు

"స్ప్రింగులు ఎంత గట్టిగుంటే కారు అంత ఉరుకుతది సారూ" అన్నడు మా సూర్యాపేటల పక్కింటి పెద్దాయన. వాళ్ల మనుమడు పాత మారుతి జెన్ కొన్నడు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకు మీద తోలాలని వాని మోజు. మంచి మోజే, నాకు నచ్చింది. కానీ కోదాడ దిక్కు ఏదో షెడ్డుకు తీస్కపోయి స్ప్రింగులు ఒక్కో చుట్టు కోపిచ్చుకొచ్చిండు. కారు నేలకు ఆనినట్టున్నది. తాత ముఖంల వెలుగు చూడాలె!

అందరు పల్లకీ ఎక్కేటోళ్లే అయితే మోసేటోళ్లు ఎవరని పెద్దలు ఊకెనే అన్నరా? ఈ కారుల కొత్త సీటు పల్లకీ ఎక్కింది. వెడల్పు టైర్లు ఎక్కినయి. చెవులు పగిలే సైలెన్సరు ఎక్కింది. తలుపు మీద నంబరు సుత ఎక్కి కూసుంది. మరి మోసే బోయీలు? స్ప్రింగులు, షాకబ్జర్లు. వాళ్ల కూలి కాడికి వచ్చేసరికి జేబు ఖాళీ! బోయీ అంటే బరువు భుజాన పెట్టుకునుడే కాదు, గుంత వస్తే మోకాలు వంచి పల్లకీ కుదురుగ ఉంచాలె. స్ప్రింగు బరువు మోస్తది, దాని ఊగులాటను షాకబ్జరు ఆపుతది. ఇద్దరి అడుగు కలవాలె. స్ప్రింగు గట్టిదేసి పాత షాకబ్జరే ఉంచితే ఆ ఊపును అది పట్టలేదు, కారు ఎగురుతనే ఉంటది. టైరు గాలిల ఉన్నంతసేపు బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు.

మరి ఎంత గట్టిగుండాలె? దానికి లెక్కుంది. మిర్యాలగూడ రైసుమిల్లుల కాడ ధర్మకాంటలకు కొదవ లేదు. వడ్ల లారీ దిగినంక, సీట్ల డ్రైవరు కూసొని, ముందు చక్రాలు రెండే కాంట మీదికి ఎక్కియ్యాలె. 460 కిలోలు వచ్చిందనుకోండ్రి, ఒక్కో చక్రానికి 230. చక్రం, బ్రేకు బరువు ఓ 30 తీసేస్తే స్ప్రింగు మోసేది 200. మామూలు కారు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతది. చిన్న రేసు కారుకు రెండు సార్ల చుట్టుపక్కల ఉంటే చాలు. ఒకటిన్నరకు మిల్లీమీటరు అణగాలంటే 1.8 కిలోలు పట్టే స్ప్రింగు, రెండుకు 3.2 కిలోలు పట్టే స్ప్రింగు కావాలె. జెన్ ముందర స్ప్రింగు చక్రం పక్కనే నిలువుగ ఉంటది కాబట్టి ఈ లెక్క దాదాపు అట్లనే నడుస్తది. స్ప్రింగు అంత పెరిగితే షాకబ్జరు బిగి సుత మూడో వంతు పెరగాలె.

ఇప్పుడు కోసిన స్ప్రింగు చూడుండ్రి. ఎనిమిది చుట్లల ఒకటి కోస్తే గట్టిదనం పెరిగేది 14 శాతమే. 1.8 ఉన్నది కొద్దిగ రెండు దాటి ఆగుతది. 3.2 యాడ, రెండు యాడ! పైంగ కారు కిందికి దిగి, షాకబ్జరు కదిలే జాగ తగ్గి, గుంతొస్తే లోపలి రబ్బరుకు గుద్దుకుంటది. జాకీ మీద లేపితే స్ప్రింగు గిన్నెలోంచి జారొచ్చు. గ్యాస్ కట్టరు వేడికి ఉక్కు పదును పోయేది వేరే.

ఇదంత చెప్తుంటె పెద్దాయన, "గన్ని లెక్కలెందుకు సారూ, రాత్రి హైవే మీద ఒక్కసారి తోలితే తెల్వదా" అన్నడు. అప్పటిదాక నవ్వుకుంట మాట్లాడుతున్న, ఆ మాటకు ఒళ్లు మండింది. విజయవాడ హైవే రాత్రి పూట ఎట్లుంటదో ఆయనకు తెల్వదా? బస్సులు, లారీలు, పిల్లల్ని ఎనక కూసోబెట్టుకొని బండి మీద రోడ్డు దాటేటోళ్లు. వాళ్ల పానాల మీద స్ప్రింగు పరీక్షనా? తాతనే అట్లంటే మనుమనికి అడ్డు చెప్పేదెవరు? ఆ షెడ్డాయనైతే కారు బరువెంతని ఒక్క మాట సుత అడగలేదంట. అడగకుండ కట్టరు ఎట్ల ముట్టిచ్చిండు?

అట్లని పిలగాండ్ల రేసు మోజు తప్పని కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు అయింది. మరుసటేడు రేసు రద్దయింది. పిలగాండ్ల మోజు మాత్రం రద్దు కాలే. వాళ్లకు దగ్గర్ల ఒక ట్రాకు కావాలె, సర్కారు ఆలోచించాలె. అప్పటిదాక చెన్నైకో కోయంబత్తూరుకో ట్రాలీ మీద తీస్కపోండ్రి, హైవే మీద మాత్రం వద్దు. కోసిన స్ప్రింగులు తీసి పారేయుండ్రి. కారును ముందుగాల కాంట ఎక్కియ్యుండ్రి, ఆ చిట్టీ పట్టుకొని షాపుకు పోండ్రి.