ఓటమి నేర్పు పాఠము

ఘోరపరాజయముకంటె చేతికంది జారిన విజయమే అభిమానిని అధికముగా బాధించును. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో అట్టి క్రికెట్ ఓటమి కలిగిన రాత్రి ఆ బాధ నిందగా మారును. పెద్దల నోట అది విన్న బాలుడు మరునాడు బడి మైదానమున క్యాచ్ వదలిన తోటివానిని దూషించును.

తెనాలి, బాపట్లల మీదుగా రైలు పోవు చెన్నైలో ఇందుకు భిన్నమైన ఉదాహరణము కలదు. 1999 జనవరి 31న చెపాక్ మైదానమున, 271 పరుగుల లక్ష్యమునకు భారతజట్టు 258 పరుగులే చేసి, పాకిస్థాన్ చేతిలో 12 పరుగుల తేడాతో ఓడినది. వెన్నునొప్పిని సహించుచు సచిన్ టెండూల్కర్ చేసిన 136 పరుగులు గెలుపు నీయలేకపోయెను. అయినను ప్రేక్షకులు లేచి నిలిచి విజేతలను కరతాళధ్వనులతో అభినందించిరి. వారి దుఃఖము స్వల్పమా? ఆటపై గౌరవము అంతకు మించినది.

గెలిచినవానికి బహుమతి ఇచ్చు ఉపాధ్యాయుడు, ఓడియు చప్పట్లు కొట్టిన బాలుని గూడ సభలో పేరుపెట్టి మెచ్చుకొనవలెను.