కంప్యూటర్ కబుర్లు: ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫ్యాను తిప్పేదెవరు?

బడులకు వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే మన ఇళ్ళల్లో పెట్టెల తూకాలు మొదలవుతాయి. మొక్కలకు నీళ్ళు పొయ్యమని పక్కింటివారికి చెబుతాం, ఉత్తరాలు ఆపి ఉంచమని పోస్టాఫీసుకు చెబుతాం, ఏసీ ఖర్చు తగ్గుతుందని థర్మోస్టాట్‌ను 85కి పెంచి తాళం వేస్తాం. క్లాజెట్‌లో కోట్ల వెనకాల గుయ్యిమంటూ నడుస్తున్న పాత డెస్క్‌టాప్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అందులో నాలుగు హార్డ్‌డిస్కులు. వాటిలో అమ్మాయి అన్నప్రాశన నుంచి అరంగేట్రం వరకు ఫోటోలు, తాతగారి షష్టిపూర్తి వీడియో, ఇంకా ఎన్నో. ఇండియాలో తీసే ఫోటోలు కూడా ఎప్పటికప్పుడు అక్కడికే చేరాలి కనుక దాన్ని ఆపకుండానే వెళ్తాం.

ఈ విషయమై ఒక పాఠకురాలు మంచి ప్రశ్న పంపారు. "ఫ్యాను వేగం చూసుకునే ప్రోగ్రాము పెట్టాను. బాగానే పనిచేస్తోంది. కానీ మేము ఊళ్ళో లేనప్పుడు గాలివానకు కరెంటు పోయి వచ్చి, కంప్యూటర్ తనంతట తాను మళ్ళీ మొదలైతే, ఆ ప్రోగ్రాము కూడా మొదలవుతుందా?"

చాలా ఇళ్ళల్లో దీనికి జవాబు "అవదు" అనే. ఎందుకు అవదో, అయ్యేలా ఎలా చేసుకోవాలో ఈసారి చెప్పుకుందాం.

ముందు పిల్లల కోసం ఫ్యాను సంగతి. ఈ రోజుల్లో డెస్క్‌టాప్‌లో ఉండే ఫ్యానుకు సాధారణంగా నాలుగు తీగలుంటాయి. రెండు తీగలు 12 వోల్టుల కరెంటు కోసం. మూడోది ఫ్యాను తిరిగే వేగాన్ని బోర్డుకు చెబుతుంది. ఒక్కొక్క చుట్టుకు రెండు సంకేతాల చొప్పున పంపుతుంది. నాలుగోది బోర్డు ఫ్యానుకు ఇచ్చే ఆజ్ఞ. ఈ నాలుగో తీగ మీద సెకనుకు దాదాపు 25,000 సార్లు స్విచ్చి వేసి తీస్తున్నట్లు సంకేతం వెళ్తుంది. వేసి ఉన్న సమయం ఎక్కువైతే వేగం ఎక్కువ, తక్కువైతే తక్కువ. దీనినే పీడబ్ల్యూఎం అంటారు. ప్రోగ్రాములు దీన్ని 0 నుంచి 255 వరకు ఒక అంకెగా చూస్తాయి. 255 అంటే పూర్తి వేగం.

ఆ అంకె ఎంత ఉండాలో మామూలుగా మదర్‌బోర్డే నిర్ణయిస్తుంది. ప్రాసెసర్ వేడెక్కితే పెంచుతుంది, చల్లబడితే తగ్గిస్తుంది. నిజం చెప్పాలంటే చాలామందికి ఇది చాలు. బయోస్‌లోకి వెళ్ళి అక్కడున్న ఫ్యాను పట్టికను సరిచేసుకుంటే వేరే ప్రోగ్రామే అక్కర్లేదు. సైనాలజీ వంటి రెడీమేడ్ ఫోటో పెట్టెలు, మాక్‌లు కూడా తమ సంగతి తామే చూసుకుంటాయి.

చిక్కంతా మన క్లాజెట్ డెస్క్‌టాప్‌తోనే. రాత్రంతా ఫోటోలు కాపీ అవుతుంటే పనంతా డిస్కులది. ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. బోర్డు సాధారణంగా ప్రాసెసర్ వేడినే చూస్తుంది కనుక "అంతా చల్లగానే ఉంది" అనుకుని ఫ్యాన్లను నెమ్మది చేస్తుంది. పక్కనే డిస్కులు ఉడుకుతుంటాయి. బయట గది 85 ఫారెన్‌హీటు, అంటే 29 సెల్సియస్ పైమాటే. తలుపు మూసిన క్లాజెట్‌లో ఇంకా ఎక్కువ. చాలా డిస్కులకు తయారీదారులు పెట్టిన పరిమితి 60, 65 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అందుకే డిస్కుల వేడి చూసి ఫ్యాను తిప్పే ప్రోగ్రాము కావాలి.

ఇక అసలు సంగతి. విండోస్‌లో మనం మామూలుగా పెట్టుకునే ప్రోగ్రాములు లాగిన్ అయ్యాకే మొదలవుతాయి. యజమాని వచ్చి తలుపు తీస్తేగానీ పనిలోకి దిగని పనివాడి వంటివి. కరెంటు పోయి వచ్చినా, అప్‌డేట్ కోసం అర్ధరాత్రి విండోస్ తనే రీస్టార్ట్ అయినా, కంప్యూటర్ పాస్‌వర్డ్ అడుగుతూ ఆగిపోతుంది. పాస్‌వర్డ్ కొట్టవలసినవారు విజయవాడలో పెళ్ళి భోజనం చేస్తుంటారు. సర్వీసు అలా కాదు. ఎవరు లాగిన్ అయినా కాకపోయినా, కంప్యూటర్ లేవగానే తెర వెనక పని మొదలుపెడుతుంది. దానికి కిటికీ ఉండదు, బొమ్మ ఉండదు.

యూనిక్స్, లైనక్స్ ప్రపంచంలో ఇలాంటి తెర వెనక ప్రోగ్రామును "డీమన్" అంటారు. దెయ్యం అనుకునేరు! 1867లో స్కాట్లండు శాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఒక ఊహ చేశారు. గాలి నిండిన పెట్టెకు మధ్యలో గోడ, గోడకు చిన్న తలుపు, తలుపు దగ్గర ఒక బుల్లి కాపలాదారు. వేగంగా వచ్చే అణువులను ఒక పక్కకు, నెమ్మదిగా వచ్చేవాటిని మరో పక్కకు పంపుతూ కూర్చుంటే ఒక వైపు వేడెక్కి రెండో వైపు చల్లబడుతుంది కదా అన్నారు. తర్వాత విలియం థామ్సన్ ఆ కాపలాదారుకు డీమన్ అని పేరు పెట్టారు. 1963లో ఎంఐటీలో ప్రాజెక్ట్ మాక్ వారు తెర వెనక అలుపులేకుండా పనిచేసే ప్రోగ్రాములకు ఆ పేరు అరువు తెచ్చుకున్నారు. ఇన్ని డీమన్లలో వేడినీ చల్లదనాన్నీ నిజంగా చూసుకునే ఫ్యాను డీమన్‌కే ఆ పేరు బాగా నప్పుతుందని నాకనిపిస్తుంది.

లైనక్స్ వాడేవారికి పని సులువు. ఎల్ఎం-సెన్సర్స్ అనే ప్యాకేజీతో ఫ్యాన్‌కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాము దొరుకుతుంది. మొదట సెన్సర్స్-డిటెక్ట్ నడిపితే బోర్డు మీద ఏ కొలత చిప్పులున్నాయో వెతుకుతుంది. తర్వాత పీడబ్ల్యూఎం-కాన్ఫిగ్ ఒక్కొక్క ఫ్యానును కాసేపు ఆపి, ఏ తీగ ఏ ఫ్యానుదో కనిపెట్టి, సెట్టింగుల ఫైలు రాసి పెడుతుంది. డిస్కుల వేడి తెలియాలంటే డ్రైవ్‌టెంప్ అనే మాడ్యూల్ కావాలి; 2020లో వచ్చిన లైనక్స్ 5.6 నుంచి ఇది కెర్నెల్‌తోనే వస్తోంది. ప్రతిసారీ మొదట్లోనే లోడు అయ్యేలా దాన్ని జాబితాలో చేర్చండి. వరుసగా నాలుగు డిస్కులుంటే మధ్యవాటికే గాలి తక్కువ తగులుతుంది కనుక, ఫ్యానుకు కొలతగా వాటిలో ఒకదాన్ని ఎంచుకోండి.

ఆ ఫైలులో మిన్‌స్టార్ట్, మిన్‌స్టాప్ అని రెండు అంకెలుంటాయి. ఆగి ఉన్న సైకిలును కదిలించటానికి గట్టిగా తొక్కాలి, కదిలాక కొద్దిగా తొక్కినా పోతుంది. ఫ్యానూ అంతే. మొదటిది కదిలించే బలం, రెండోది ఆగకుండా ఉంచే బలం. వీటికంటే ముఖ్యమైనది మిన్‌పీడబ్ల్యూఎం. వేడి తక్కువగా ఉన్నప్పుడు ఫ్యానుకు ఇవ్వవలసిన అంకె అది. దాన్ని 0గా వదిలేస్తే ఫ్యాను పూర్తిగా ఆగుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు నిశ్శబ్దం బాగానే ఉంటుంది. ఊరెళ్ళేటప్పుడు మాత్రం 100 దరిదాపుల్లో పెట్టి వెళ్ళండి. ఖాళీ ఇంట్లో శబ్దం వినేదెవరు?

చివరగా సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ ఫ్యాన్‌కంట్రోల్ అనే ఆజ్ఞ ఇస్తే అది సర్వీసు అవుతుంది. అయితే ఎనేబుల్ అయినంత మాత్రాన నడుస్తున్నట్టు కాదు. కంప్యూటర్ లేచినప్పుడు డ్రైవర్లు లోడయ్యే వరుస మారితే కొలత చిప్పుల నంబర్లు కూడా మారిపోవచ్చు. ఫ్యాన్‌కంట్రోల్ ఇది గమనించి, తప్పు ఫ్యానును తిప్పటం కంటే ఊరుకోవటం మేలని ఆగిపోతుంది. అది మంచి గుణమే, కానీ మన డిస్కులకు కాపలా పోయినట్టే. అందుకే రెండు మూడు సార్లు రీస్టార్ట్ చేసి, ప్రతిసారీ సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఏమంటోందో చూడాలి.

విండోస్‌లో దారి కాస్త గతుకులది. ఒకప్పుడు అందరూ వాడిన స్పీడ్‌ఫ్యాన్ చివరి వెర్షన్ 4.52 వచ్చింది 2016లో. అది సర్వీసుగా నడవటానికి రాసింది కాదు. మనవాళ్ళు ఏవో చిట్కాలతో దాన్ని సర్వీసుగా కూర్చోబెట్టేవారు. పైగా 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి సర్వీసులన్నీ "సెషన్ జీరో" అనే వేరే గదిలో ఉంటున్నాయి. అక్కడ కిటికీ తెరిచినా మనకు కనపడదు. కిటికీలో "ఓకే" నొక్కమని అడిగే ప్రోగ్రామైతే, ఎవరూ చూడని గదిలో ఆ "ఓకే" కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

మీ ప్రోగ్రాము సర్వీసుగా నడిచేదే అయితే సర్వీసెస్ పట్టికలో దాన్ని ఆటోమేటిక్ చేసి, రికవరీ అన్న చోట మూడు గడుల్లోనూ "రీస్టార్ట్ ద సర్వీస్" ఎంచుకోండి. కాకపోతే టాస్క్ షెడ్యూలర్ ఉంది. అందులో "ఎట్ స్టార్టప్" మొదలవ్వాలని, "యూజర్ లాగిన్ అయినా కాకపోయినా" నడవాలని, అత్యధిక అధికారాలతో నడవాలని పెట్టాలి. ఇంతవరకు చాలామంది సరిగానే చేస్తారు. పక్క పుటల్లో విండోస్ ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులను మాత్రం చూడరు. ఒకటి: పని 3 రోజులు దాటితే ఆపేయమని. అంటే మీరు హైదరాబాదులో దిగి, నిద్ర సర్దుకునేలోపే ఇక్కడ ఫ్యాను ప్రోగ్రాము ఆగిపోతుంది! రెండు: గోడ కరెంటు మీద ఉంటేనే మొదలుపెట్టమని, బ్యాటరీకి మారితే ఆపమని. డెస్క్‌టాప్‌కు బ్యాటరీ ఎక్కడిది అనకండి. యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో కలిపితే విండోస్ దాన్ని బ్యాటరీగానే చూస్తుంది. కరెంటు ఒక్కసారి రెప్పవేస్తే చాలు, ప్రోగ్రాము ఆగుతుంది. ఈ టిక్కులన్నీ తీసెయ్యండి.

మరో సంగతి. ఫ్యాను ప్రోగ్రాము బోర్డులోని చిప్పుతో నేరుగా మాట్లాడాలి కనుక దానికి ఇంటి తాళాలన్నీ ఇచ్చినట్టే. విండోస్‌లో ఇలాంటి ప్రోగ్రాములు చాలావరకు విన్‌రింగ్‌జీరో అనే ఒకే డ్రైవర్ మీద ఆధారపడేవి. దానిలో భద్రతా లోపం 2020లోనే నమోదైంది. 2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ దాన్ని ప్రమాదకరమని పట్టుకుని పక్కన పెట్టడం మొదలుపెట్టింది. దానితో ఎందరి ఇళ్ళల్లోనో ఫ్యాను ప్రోగ్రాములు ఉన్నట్టుండి పనిచేయటం మానేశాయి. ఇప్పటికీ మీది అలా మొరాయిస్తుంటే డిఫెండర్‌కు "దీన్ని వదిలెయ్" అని చెప్పకండి. ఆ డ్రైవర్ అక్కర్లేని కొత్త వెర్షన్ వేసుకోండి. లేదా ఊరెళ్ళే ముందు ఫ్యాన్లను బయోస్‌లోనే స్థిరమైన వేగానికి కట్టిపడేసి వెళ్ళండి. నన్నడిగితే విండోస్ వాళ్ళకు ఇదే మేలైన మార్గం.

ఇంతా చేశాక సర్వీసే మధ్యలో చచ్చిపోతే? ఫ్యాన్‌కంట్రోల్‌ను మామూలుగా ఆపితే, లేదా కొలత అందకపోతే, అది పోతూ పోతూ ఫ్యాన్లను బోర్డుకు అప్పగిస్తుంది. అది కుదరకపోతే పూర్తి వేగానికి పెడుతుంది. కానీ ఏ ప్రోగ్రామునైనా బలవంతంగా చంపితే చివరిసారి రాసిన అంకె చిప్పులో అలాగే ఉండిపోవచ్చు. అది చిన్న అంకె అయితే ఫ్యాను నీరసంగా తిరుగుతూనే ఉంటుంది. కనీస వేగం పెంచి వెళ్ళమన్నది అందుకే.

ప్రాసెసర్ గురించి బెంగ అక్కర్లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వారు నడుస్తున్న ప్రాసెసర్ల మీది హీట్‌సింకును ఊడదీసి వీడియో తీశారు. ఏఎండీ ఆథ్లాన్ క్షణాల్లో కాలిపోయింది. ఇంటెల్ పెంటియం 4 మాత్రం తన వేగం తగ్గించుకుని బతికి బయటపడింది. ఇప్పటి ప్రాసెసర్లన్నీ ఆ విద్య నేర్చాయి. ముందు నెమ్మదిస్తాయి, అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రాన్నే ఆపేస్తాయి. మామూలు హార్డ్‌డిస్కుకు అంత తెలివి లేదు. అలాగని 40 డిగ్రీలు చూసి కంగారు పడకండి. 2007లో గూగుల్ వారు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి, మామూలు వేడికీ డిస్కులు చెడిపోవటానికీ అనుకున్నంత సంబంధం లేదని, బాగా ఎక్కువ వేడి దగ్గరే తేడా కనిపిస్తుందని తేల్చారు. మనం తప్పించవలసింది ఆ బాగా ఎక్కువ వేడినే.

ప్రయాణానికి వారం ముందే ఒక పరీక్ష చేయండి. దీన్ని పిల్లలకు అప్పగించవచ్చు. ముందుగా పెద్దలు బయోస్‌లో, కరెంటు తిరిగి వచ్చినప్పుడు కంప్యూటర్ తనే మొదలయ్యే సెట్టింగు పెట్టాలి. తర్వాత కంప్యూటర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర ప్లగ్గు తీసి, నిమిషం ఆగి మళ్ళీ పెట్టండి. కీబోర్డు ముట్టుకోవద్దు, లాగిన్ అవద్దు. క్లాజెట్ తలుపు మూసి, ఇంకో కంప్యూటర్ నుంచి ఒక పెద్ద వీడియో దానిలోకి కాపీ పెట్టండి. అరగంట తర్వాత తలుపు దగ్గర చెవి పెట్టి వినండి. ఫ్యాను స్వరం పెరిగిందా? పెరిగితే డీమన్ మేలుకునే ఉన్నట్టు. పెరగకపోతే ఇంకో కంప్యూటర్ నుంచి డిస్కుల వేడి ఎంత ఉందో చూడండి. 40 లోపే ఉంటే పెరగవలసిన పని పడలేదేమో. 50 దాటి కూడా ఫ్యాను మారకపోతే ప్రోగ్రాము మొదలవలేదన్నమాట, మళ్ళీ పైనుంచి చూసుకోవాలి.

వెళ్ళే రోజు క్లాజెట్ తలుపు తీసి ఉంచి, కోట్లు వేరే చోట వేలాడదీయండి. తాళంచెవి ఇచ్చేటప్పుడు పక్కింటివారికి మొక్కలతో పాటు ఆ డబ్బా కూడా చూపించి, మరీ వేడిగా అనిపిస్తే ఏ బటన్ నొక్కి ఆపాలో ఒక కాగితం మీద రాసి దాని నెత్తిన అంటించి వెళ్ళండి.