స్క్రిప్టు ఎవరు చూశారని అడిగారు



వేసవి సంచిక ఆలస్యమైంది. తప్పు ప్రెస్సుది కాదు. ఉగాది సభ తర్వాత మన వాట్సాప్ గ్రూపులో రేగిన గొడవ చల్లారాక రాద్దామని ఆగాను. అది చల్లారేలా లేదు.

ఆ రోజు రాలేకపోయినవారి కోసం జరిగింది చెబుతాను. ఊళ్ళోని థియేటర్‌లో అప్రెంటిస్‌లుగా చేరిన మన హైస్కూలు పిల్లలు జాషువా గారి ‘గబ్బిలం’ తీసుకుని తామే అల్లుకున్న ఇరవై నిమిషాల ప్రదర్శన ఇచ్చారు. 1941 నాటి ఆ కావ్యంలో గుడిలోకి రానివ్వని తంజావూరు మనిషి తన గోడు కాశీలో ఉన్న శివుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. మనిషిని గడప దగ్గరే ఆపే గుడిలో గబ్బిలం తలకిందులుగా వేలాడినా అడిగేవాడు లేడు. మన పిల్లల గబ్బిలం కాశీ వెళ్ళలేదు. ఆవకాయ సీసాల పక్కన పెట్టెలో సర్దుకుని అమెరికా వచ్చింది. కస్టమ్స్ ఆఫీసరు పచ్చళ్ళన్నీ తీసి చూశాడు, గబ్బిలాన్ని మాత్రం చూడలేదు. అక్కడిదాకా హాలంతా నవ్వులే. తర్వాత అది ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళింది. అంకుల్ వేషాలు వేసిన పిల్లలు కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి చుట్టుముట్టి ఇంటిపేరు అడిగారు. తేలలేదు. ఊరు అడిగారు. తేలలేదు. ఊళ్ళో ఏ వీధి అని అడిగారు. నవ్వులు ఆగిపోయాయి.

ఆ రాత్రే మొదలైంది. పండగపూట ఈ గోలేమిటన్నారు. పిల్లలకు ఇవన్నీ ఎవరు నూరిపోస్తున్నారన్నారు. కొందరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. స్క్రిప్టు ముందే చూసి ఆమోదించే కమిటీ ఒకటి వేయాలని సంఘం కార్యవర్గానికి లేఖ వచ్చింది. సంక్రాంతికి ఎనిమిదేళ్ళ ఆడపిల్లల చేత ఐటం సాంగు ఆడించినప్పుడు ఆ పాటలో మాటలేమిటని ఒక్కరైనా అడిగారా? ముందు వరుసలో నిలబడి వీడియోలు తీశారు.

ఇది మన సంప్రదాయం కాదన్న మాటను మాత్రం ఊరికే వదిలేయలేను. కిందటేడు ఆంధ్ర నుంచి వచ్చిన బృందం హరిశ్చంద్ర కాటిసీను వేస్తే ‘వన్స్ మోర్’ అని అరిచింది ఈ హాలే. డి.వి. సుబ్బారావు గారి పద్యాలు క్యాసెట్లు అరిగేలా విన్న తరం మనది. ఆ సీనులో మనం కళ్ళొత్తుకునే పద్యాల్లో కొన్ని నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివి కావు. జాషువా విడిగా రాసుకున్న ‘శ్మశానవాటి’లోవి. నటులు వాటిని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు, జనం నెత్తిన పెట్టుకున్నారు. కవితను పట్టుకుని రంగస్థలం ఎక్కడం మన పిల్లలు కనిపెట్టిన వింత కాదు. జాషువా పద్యం శ్మశానంలో వినిపిస్తే వన్స్ మోర్, గృహప్రవేశంలో వినిపిస్తే స్క్రిప్టు ఎవరు చూశారు!

ఇంకో సంగతి. ఇండియా నుంచి వచ్చిన అత్తమామలను ‘క్యాట్స్’కి తీసుకెళ్ళి ఫొటోలు పెట్టిన కుటుంబాలు మనలో ఉన్నాయి. ఆ మ్యూజికల్‌కు ఆధారం టి.ఎస్. ఎలియట్ 1939లో అచ్చువేసిన పిల్లుల కవితలే.

పిల్లలు దీన్ని ఎలా తయారుచేశారో కూడా తెలుసుకోండి. ఆ థియేటర్‌లో ముందే రాసిన నాటకం చేతికివ్వరు, ఒక కవిత ఇస్తారు. గట్టిగా చదువుతారు, మనసు పట్టుకున్న చోట్లు ఎవరికి వారు ఎంచుకుంటారు, వాటికి గొంతుతో, ఒంటితో చిన్న చిన్న దృశ్యాలు కడతారు. కట్టినవాటిలో చాలావరకు పారేస్తారు. వాళ్ళ టీచరు ముందుగా ఎన్టొజాకె షాంగే రచన ఒకటి చూపించారట. అందులో ఏడుగురు నల్లజాతి స్త్రీలకు పేర్లుండవు, ఒక్కొక్కరికి ఒక్కో రంగు ఉంటుంది. కవితలనే ఆడి పాడిన ఆ ప్రదర్శన 1976లో బ్రాడ్‌వే ఎక్కింది. అది చూసి వచ్చిన ఒక పిల్ల, తెలుగులో ఇలాంటి పోయెమ్ ఉందా అని వాళ్ళ తాతయ్యను అడిగింది. ఆయన పల్నాడులో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. మా వినుకొండ కవే ఉన్నాడమ్మా అంటూ పుస్తకం తీశారు.

సగం ఇంగ్లీషే కదా అన్నారు. నిజమే. మిగతా సగం ఛందస్సులో నడిచే పద్యాలు. తెలుగు అక్షరాలు రాని కుర్రాడు వాటిని ఇంగ్లీషు లిపిలో రాసుకుని, ఎక్కడ ఆగాలో మాస్టారి చేత గుర్తులు పెట్టించుకుని, ఒక్క పొల్లు పోకుండా చదివాడు. పిల్లలకు తెలుగు రావడం లేదని ప్రతి సభలో మైకు పట్టుకునే పెద్దలు అప్పుడు చప్పట్లయినా కొట్టాల్సింది.

మా అమ్మాయి కూడా ఆ బృందంలో ఉంది. పక్షపాతం అంటారా, అనండి. రిహార్సల్స్ రోజుల్లో ఒక రాత్రి అన్నం తింటూ అడిగింది: “అమ్మా, తెనాలిలో అమ్మమ్మ పనావిడకి టీ వేరే గ్లాసులో ఎందుకిస్తుంది? ఆ గ్లాసు కిటికీలోనే ఎందుకుంటుంది?” మా ఆయన “ముందు అన్నం తిను” అన్నారు. తిన్నది. మళ్ళీ అడిగింది. మీ ఇళ్ళలోనూ ఇలాంటి భోజనాలు అయ్యాయని ఫోన్లలో మీరే చెప్పారు. ఒకావిడ అయితే నాటకం మాట వదిలేసి, “రేపు వీడు ఎవర్ని తీసుకొస్తాడో వదినా” అని ఏడ్చింది. అందరి గుండెల్లో ఉన్నది అదే కదా. బయోడేటాలు తిరిగే గ్రూపు మనకు వేరే ఉంది. అందులో పేరు కింద మొదటి గడి ఏమిటో పిల్లలు చూడలేదనుకుంటున్నారా? ఫోన్లు సెట్ చేసిపెట్టేది వాళ్ళే. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించినప్పుడు ఇదే గ్రూపులో ఎంత కొట్టుకున్నామో, స్పీకర్ ఫోనుల్లో ఎంత అరుచుకున్నామో గుర్తుందా? పిల్లలు పక్క గదిలోనే ఉన్నారు. ఒక సంఘం రెండెందుకయిందో, రెండు నాలుగెందుకయ్యాయో కూడా వాళ్ళకు తెలుసు.

అమ్మల్లారా, నాన్నల్లారా, ఇప్పుడు వాళ్ళు మనల్ని అడుగుతున్నారు. మన హాలుకు వచ్చి, మన పండక్కి, మన కవి పద్యంతో అడిగారు. కసిరి పంపిస్తే ఆ ప్రశ్న డార్మ్‌లో రూమ్మేటును అడుగుతారు. థాంక్స్‌గివింగ్‌కి ఇంటికొచ్చి మనతో వాతావరణం గురించి మాట్లాడి వెళ్తారు. ఈ సంఘానికి రావడం మానేసిన పెద్ద పిల్లల తల్లిదండ్రులు మనలో ఎంతోమంది ఉన్నారు, వాళ్ళనడగండి.

కమిటీ ప్రతిపాదన ఓటింగులో వీగిపోయింది. సెప్టెంబరు 28 జాషువా గారి జయంతి. ఆ వారాంతంలో పిల్లలు ప్రదర్శన మళ్ళీ వేస్తారు. తర్వాత గంటసేపు చర్చ ఉంటుంది. గ్రూపులో రాసినవన్నీ అక్కడ పిల్లల ముఖం చూస్తూ అనండి, వాళ్ళు సమాధానం చెప్తారు.

ఉగాది పచ్చడి దగ్గర్నుంచి ప్లేట్లు ఎత్తడం దాకా మోసిన వాలంటీర్లకు, హార్మోనియం వాయించిన మాస్టారికి, చివరి నిమిషంలో మైకులు సర్దిన కుర్రాళ్ళకు కృతజ్ఞతలు. తన పేరు తీసేయమన్న స్పాన్సరు గారికి కూడా. పేరు తీసేశాం, ఇచ్చిన డబ్బు ఆయన వెనక్కి తీసుకోలేదు. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారు దయచేసి ఈ నెలలో కట్టండి. దసరా సంచికకు రచనలు ఆగస్టు 15 లోగా పంపాలి. చేతిరాత ఫొటోలు వద్దు, టైపు చేసినవే తీసుకుంటాం. బతుకమ్మ కమిటీకి ఇంకా ముగ్గురు కావాలి.

రిహార్సల్స్ ప్రతి ఆదివారం మధ్యాహ్నం, మా బేస్‌మెంట్‌లో. అంకుల్ వేషాలకు పాత లాల్చీలు కావాలని పిల్లలు అడుగుతున్నారు, పెద్ద సైజులవి. ఉతికి తెండి.

మీ సంపాదకురాలు