పట్నము వచ్చునప్పుడు చేతిలోని ఫోను

వైద్యము కొరకో, పెండ్లి బట్టల కొరకో గ్రామములనుండి హైదరాబాదు పాతబస్తీకి వచ్చువారు మా యొద్ద దిగుచుందురు. వారిలో ఇంచుమించు ప్రతి ఇంటివారి చేతిలోను స్మార్ట్‌ఫోను ఉన్నది. అందులో పాటలున్నవి, మనుమల ఫోటోలున్నవి, తెల్లవారితే చాలు, వాట్సాప్ నిండా గుడ్‌మార్నింగులు. అయితే ఉస్మానియా ఆసుపత్రి ఓ.పి. వరుసలో నిలువబడి, "అయ్యగారూ, ఆధార్ కాగితం ఇంటి దగ్గరే మరిచిపోయినం" అని కంగారుపడుదురు. ఆ కాగితము ఆ ఫోనులోనే ఉండవచ్చునని వారికి ఎవరును చెప్పలేదు.

కేంద్ర ప్రభుత్వము 2015లో ప్రారంభించిన డిజిలాకర్ అను యాప్ ఇందుకొరకే. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్.సి. వంటివి ఆయా శాఖలనుండియే నేరుగా అందులోనికి వచ్చును. గ్యాలరీలో దాచుకొనిన ఫోటోకు ఆ విలువ లేదు. డిజిలాకర్‌లోని పత్రము అసలుతో సమానము. చిక్కంతయు ఒక్క చోటనే ఉన్నది. ఓ.టి.పి. ఆధార్‌కు ఇచ్చిన సెల్ నంబరుకే వచ్చును. మన ఇండ్లలో ఆ నంబరు ఎప్పుడో పారవేసిన సిమ్ముది, లేదా బొంబాయిలో పని చేయుచున్న అల్లునిది. ఊరిలో ఉన్నప్పుడే ఆధార్ కేంద్రమునకు వెళ్లి దానిని మార్పించుకొనుడి. పట్నము వచ్చువరకు ఆగవద్దు.

అసలు ప్రయాణమే అవసరమా అనునది కూడ ఆలోచింపవలెను. చిన్న జబ్బునకు, మందుల చీటీ తిరిగి చూపించుకొనుటకు ఈ-సంజీవని అను ప్రభుత్వ సేవ ఉన్నది. ఇంటనుండియే వీడియోలో డాక్టరుతో మాట్లాడవచ్చును, రుసుము లేదు. ఆపరేషను, స్కానింగు వంటివాటికైతే రాక తప్పదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుండి 10 లక్షల రూపాయలు. వచ్చుటకు ముందే ఆ కాగితములు చూచుకొనుడి. ఉస్మానియా పాత భవనములోనికి 2020 జూలైలో వాననీరు చేరినందున రోగులను అందులోనుండి వేరే భవనములకు మార్చిరి. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగినది. కాబట్టి మీ పెదనాన్న చెప్పిన పాత గుర్తులను నమ్ముకొనక, అక్కడ అడిగి తెలిసికొనుడి.

పాతబస్తీ గల్లీలలో చిరునామా కాగితము పెద్దగా పనికిరాదు. ఇంటి నంబర్లు వరుసగా ఉండవు. ఎదురింటివారే చెప్పలేని సందర్భములున్నవి! చుట్టముల ఇంటికి వచ్చునప్పుడు వారిని వాట్సాప్‌లో లొకేషన్ పంపుమని అడుగుడి. సిగ్నలు పోవునను భయమున్నచో గూగుల్ మ్యాప్స్‌లో హైదరాబాదు పటమును ఊరిలోనే దింపుకొనవచ్చును. తరువాత నెట్టు లేకున్నను దారి చూపును. పెద్దవారు ఒంటరిగా వచ్చునప్పుడు లైవ్ లొకేషన్ పెట్టించినయెడల ఇంటనున్న కొడుకు ఆటో ఎక్కడ తిరుగుచున్నదో చూచుచుండును. ఆర్టీసీవారి గమ్యం యాప్‌లో బస్సు ఎంత దూరములో ఉన్నదో తెలియును. మెట్రో మాత్రము ఎం.జి.బి.ఎస్. దగ్గరనే చాలించును. అక్కడనుండి చాంద్రాయణగుట్ట వైపు మార్గమునకు 2024 మార్చి 8న శంకుస్థాపన చేసిరి గాని రైలు ఇంకను రాలేదు.

ఉర్దూ రాదని జంకు పడువారికి గూగుల్ ట్రాన్స్‌లేట్ ఉన్నది. మీరు తెలుగులో మాట్లాడినయెడల అది ఉర్దూలో వ్రాసి చూపును. నిజము చెప్పవలెనంటే లాడ్‌బజారు గాజుల అంగడివారికి బేరమాడుటకు కావలసినంత తెలుగు వచ్చును. ఆసుపత్రిలో పక్క మంచము వారితో రాత్రంతా గడుపవలసి వచ్చినప్పుడే ఈ యాప్ విలువ తెలియును.

ఇక డబ్బు సంగతి. 2016లో యు.పి.ఐ. వచ్చిన తరువాత నడుమునకు రొక్కము కట్టుకొని ప్రయాణము చేయవలసిన భయము తగ్గినది. గాజులు, ఇరానీ చాయ్, ఆటో, అన్నిటికిని క్యూ.ఆర్. అట్టయే. అయితే మా సంఘములోని ఒక సహోదరికి జరిగినది వినుడి. పాత బీరువా అమ్మకమునకు పెట్టినది. మిలిటరీలో పని చేయుచున్నానని ఒకడు ఫోను చేసి, బేరమాడక ఒప్పుకొని, "అమ్మా, మీకు డబ్బు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడు. ఆమె కొట్టినది. బీరువా ఇంటనే ఉన్నది, కూతురి ఫీజు కొరకు దాచిన పద్దెనిమిది వేలు పోయినవి. వారము రోజులు భర్తకు చెప్పలేదు. ఆ వారమే ఆమెకు ఎక్కువ నష్టము చేసినది.

పిన్ అనునది డబ్బు మన ఖాతానుండి పోవుటకే. వచ్చుటకు పిన్ అక్కరలేదు, స్కాను అక్కరలేదు. ఈ ఒక్క మాట ఇంటిలో చదువు రాని అత్తగారికి సయితము నేర్పుడి. చెల్లించునప్పుడు తెరమీద ఎవరి పేరు వచ్చినదో చదివి తరువాత పిన్ కొట్టుడి. సంఘపు కానుకల పెట్టె పక్కనున్న అట్టపై ఎవడైనను వేరొక అట్ట అంటింపవచ్చును, కోశాధికారి వారమునకు ఒకసారియైన చూడవలెను. మా ఇంట యు.పి.ఐ. కొరకు వేరే చిన్న ఖాతా ఉంచితిమి. పంట డబ్బు, జీతము దానిలో వేయము.

డబ్బు పోయినట్లు తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పినయెడల ఆ సొమ్మును మోసగాని ఖాతాలో ఆపివేయుటకు అంత అవకాశముండును. సిగ్గుపడి దాచిన ప్రతి గంటయు వానికే లాభము. పోలీసు దుస్తులలో వీడియో కాల్ చేసి "నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి" అనువాడు కూడ దొంగయే. అట్టి అరెస్టు మన చట్టములో లేదు. పెట్టివేయుడి.

అప్పు ఇచ్చు యాప్‌లను గూర్చి కొంచెము కఠినముగానే వ్రాయుచున్నాము. లాక్‌డౌన్ కాలములో పనులు లేక అనేకులు వాటిని ఆశ్రయించిరి. అయిదు వేలు అడిగినచో రుసుములు పట్టుకొని మూడున్నర వేలు ఇచ్చి, వారము రోజులలో మొత్తము కట్టుమందురు. కట్టలేనివారి ఫోనులోని నంబర్లన్నిటికి, మామగారికి, మేస్త్రీకి, పాస్టరుకు కూడ ఫోను చేసి దొంగ అని చాటుదురు, ఫోటోలు మార్చి పంపుదురు. 2020 డిసెంబరులో తెలంగాణలో ఈ వేధింపులకు తాళలేక కొందరు ప్రాణము తీసికొనిరి. పోలీసులు అరెస్టు చేసినవారిలో చైనా దేశస్థులు కూడ ఉండిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇట్టి యాప్‌లు మన నంబర్లను, ఫోటోలను తీసికొనరాదని నియమము చేసినది. 2025 జూలై నుండి అనుమతిగల సంస్థల యాప్‌ల జాబితాను తన వెబ్‌సైటులో ఉంచినది. అందులో లేని యాప్‌ను ముట్టవద్దు. ఉన్నదైనను, స్త్రీల పొదుపు సంఘములో అడిగిన తరువాతనే దాని ముఖము చూడుడి. ఇప్పటికే చిక్కుకొని నిద్రపట్టనివారు 14416కు ఫోను చేసినచో మనస్సు కుదుటపరచుటకు తెలుగులోనే మాట్లాడుదురు, డబ్బు అడుగరు.

చార్మినార్ జనసమూహములో ఫోనే పోయినయెడల? ఇప్పుడే మీ ఫోనులో *#06# కొట్టుడి. వచ్చు 15 అంకెల నంబరును బైబిలు అట్ట లోపల కాదు, ఇంటి గోడ క్యాలెండరుపై వ్రాయుడి, ఎందుకనగా బైబిలు కూడ సంచిలో మీతోనే వచ్చును. పోలీసు ఫిర్యాదు తరువాత సంచార్ సాథి వెబ్‌సైటులో ఆ నంబరిచ్చినయెడల ఆ ఫోను దేశములో ఏ సిమ్ముతోను పనిచేయకుండ ఆపుదురు. మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నవో కూడ అక్కడనే కనబడును. మా సంఘములో ఒక తాతగారి పేరు మీద నాలుగున్నవి, ఆయనకు తెలిసినది ఒక్కటే.

బటన్ ఫోనులు వాడువారు దిగులుపడనక్కరలేదు. *99# కొట్టి నెట్టు లేకుండనే ఖాతాలో నిలువ చూడవచ్చును, డబ్బు పంపవచ్చును. ఆంధ్ర ప్రదేశ్ పాఠకులకు 2025 జనవరి 30 నుండి మన మిత్ర అను వాట్సాప్ సేవ ఉన్నది, కరెంటు బిల్లు, ధ్రువపత్రముల దరఖాస్తు అందులోనే చేసికొనవచ్చును. దానిని గూర్చి అనంతపురము నుండి ముగ్గురు ఉత్తరములు వ్రాసిరి. వచ్చు మాసము వాటికి జవాబిచ్చెదము.