గద్దా ఎవరి జిమ్మా?

జహేజ్ అనే మాట మన షాదీల్లో ఇప్పుడు ఎవరూ నోటితో అనరు. వెనకటిలా లిస్టు రాసి పంపే బేషరమ్ తనం పోయిందని మనకు మనమే శభాష్ చెప్పుకుంటున్నాం. లిస్టు పోలేదు భాయ్. పొట్టిదైంది, ఖరీదైంది. అబ్బాయి అమ్మీజాన్ చాయ్ కప్పు కింద పెట్టి ఒకే మాట అంటుంది: "హమ్ కుఛ్ నై మాంగ్తే. బచ్చీ ఆరామ్ సే రహనా బస్. గద్దా జరా అచ్ఛా దేఖ్‌కే లేవ్." ఆ "జరా అచ్ఛా" అంటే ఏమిటో ఆర్మూర్‌లో ఆడపిల్ల ఉన్న ప్రతి అబ్బాకూ తెలుసు. లేటెక్స్. అందులోనూ "ఇంపోర్టెడ్, హండ్రెడ్ పర్సెంట్ నేచురల్".

పోయిన ఏడాది మామిడిపల్లి చౌరస్తా దగ్గర ఒక ఇంట్లో రిష్తా మాటలకు నన్నూ పిలిచారు. అమ్మాయి తండ్రి పసుపు సీజన్లో బస్తాలు మోసే హమాలీ. అబ్బాయి షార్జాలో ఏసీ మెకానిక్. మెహర్ మాట ఐదు నిమిషాల్లో తేలిపోయింది. గద్దా మాట మాత్రం అసర్ నుంచి మగ్రిబ్ దాకా నడిచింది. ఫోమ్ ఇస్తామన్నారు వీళ్లు. "ఫోమ్ గరం హోతా" అన్నారు వాళ్లు. చివరికి 72 వేల రూపాయల లేటెక్స్ గద్దా మీద ఫైసలా అయింది, తకియాలు అందులోనే. క్వింటాలు పసుపు 12 వేలు పలికితే అది ఆరు క్వింటాళ్ల పసుపు. అంత పసుపు మోసిన వాడు ఉన్నాడు ఆ గదిలో, పండించిన వాడు కూడా కాదు. ఒక మనిషి పడుకునే వస్తువు కోసం ఇంకో మనిషి నిద్ర పోవడం అంటే ఏమిటో ఆ సాయంత్రం ఆయన ముఖంలో చూశాను.

డబ్బు ఎక్కడిది అంటారా? షాదీ ముబారక్ ఉంది కదా. 2014 అక్టోబర్ 2న 51 వేలతో మొదలైన ఆ స్కీమ్, 2017లో 75,116 అయి, 2018లో 1,00,116 అయింది. గరీబ్ ఆడపిల్ల పెళ్లికి సర్కార్ ఇచ్చే ఆసరా అది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ చెక్కు అమ్మాయి తల్లి చేతికి వచ్చేలోపు సగానికి పైగా ఫర్నిచర్ దుకాణం ఖాతాలో రాసి ఉంటుంది. "చెక్కు వచ్చినంక కట్టుండ్రి ఖాలా, ఫికర్ లేదు" అని దుకాణదారు మీఠీ జబాన్ తో అంటాడు. చెక్కు ఆలస్యమైతే మాత్రం ఆ జబాన్ మారుతుంది. సర్కార్ పైసా తల్లి పేరున వచ్చి, దుకాణం దాటి, మనం పేరు కూడా పలకలేని ఏదో ఊరి కార్ఖానాకు చేరుతుంది.

అసలు ఈ లేటెక్స్ ఏమిటో చూద్దాం. అది రబ్బరు చెట్టు పాలు. ఆ చెట్టు అమెజాన్ అడవిది. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే అంగ్రేజ్ బ్రెజిల్ నుంచి సుమారు 70 వేల గింజలు లండన్ క్యూ తోటకు పట్టుకెళ్లాడు. అక్కడ మొలిచిన మొక్కలు సిలోన్‌కూ మలయాకూ చేరాయి. బ్రెజిల్ సొత్తు అలా అంగ్రేజీ సల్తనత్ సొత్తయింది. 1929లో ఇంగ్లండ్‌లోని డన్‌లప్ కంపెనీ వాళ్లు ఆ పాలను కేక్ పిండిలా గిలక్కొట్టి, నురగ తెచ్చి, అచ్చులో పోసి, ఆవిరితో ఉడికించే తరీఖా కనిపెట్టారు. ఇవాళ్టికీ ఆ తరీఖాను డన్‌లప్ అనే అంటారు. తర్వాత తలాలే అనే ఇంకో పద్ధతి వచ్చింది. దుకాణంలో కుర్రాడు ఈ రెండు పేర్లూ అరబ్బీ అత్తరు పేర్ల లాగా పలుకుతాడు. మనం తల ఊపుతాం.

ఈ రోజు ఎక్కువ రబ్బరు తీసేది థాయిలాండ్, ఆ తర్వాత ఇండోనేసియా. వియత్నాం, శ్రీలంక, మన కేరళ కూడా ఉన్నాయి. తెల్లవారకముందే తలకు దీపం కట్టుకుని చెట్టు బెరడు గీసే కూలీ దగ్గర మొదలయ్యే ఈ సిల్‌సిలా, మెత్తటి గలీబు తొడిగి, చెట్టు ఆకు బొమ్మ వేసి, మీ ముందు నిలబడుతుంది. మధ్యలో ఎవరు తిన్నారు? కొట్టాయంలోని రబ్బరు రైతును అడగండి. 2011లో కిలో రబ్బరు 240 రూపాయల దాకా పోయింది. 2016 మొదట్లో 100 కిందికి పడింది. ఆ ఐదేళ్లలో "రబ్బరు సస్తా అయింది, గద్దా సగం ధరకు తీసుకెళ్లండి" అని బోర్డు పెట్టిన దుకాణం నేను ఒక్కటి చూడలేదు.

ఈ మాట అర్థం చేసుకోవడానికి ఆర్మూర్ వాళ్ల కంటే తగినవాళ్లు ఎవరున్నారు? తొమ్మిది నెలలు భూమిలో పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తీసుకెళ్తే, కాడికి ఎంత, గోళకు ఎంత అన్నది ఎక్కడో తేలుతుంది. ఆ గుస్సాతోనే 2019లో రైతులు నామినేషన్లు వేసి నిజామాబాద్ లోక్‌సభ బరిలో మొత్తం 185 మందిని నిలబెట్టారు. పసుపు బోర్డు కోసం ఇన్నేళ్లు కొట్లాడారు, 2025లో అది నిజామాబాద్‌కు వచ్చింది. ముబారక్. అయితే రబ్బరు బోర్డు 1947 చట్టంతోనే పుట్టింది, అయినా 2016లో ఆ రైతును ధర పడకుండా కాపాడలేకపోయింది. బోర్డు పెట్టగానే ధర వస్తుందని మనకు చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. ఇంకో తమాషా వినండి. తమ రైతును కాపాడుకోవాలని 2020లో పసుపు దిగుమతిని బంద్ చేసిన దేశం శ్రీలంక. మన పసుపు వాళ్ల గడప దాటొద్దు, వాళ్ల గద్దా మన అమ్మాయి గదిలో పరుచుకోవాలి.

శ్రీలంకను తిట్టడం నా ఉద్దేశం కాదు. అందరూ అదే చేస్తున్నారు. అమెరికా 2019లో చైనా పరుపుల మీద భారీ సుంకం వేసింది. వ్యాపారం పక్క దేశాలకు జరిగితే, 2021లో థాయిలాండ్, వియత్నాం, మలేసియా, ఇండోనేసియా, కంబోడియా, తుర్కియా, సెర్బియా మీద కూడా వేసింది. సబబు ఏమిటంటే, అగ్గువ పరుపులు వచ్చి అక్కడి కార్ఖానాలనూ మజ్దూర్‌లనూ ముంచుతున్నాయట. ప్రపంచంలో అందరికంటే దౌలత్ ఉన్న ముల్క్ తన పరుపు కుట్టేవాడి పేరు మీద దర్వాజా మూసింది. మన పరుపు కుట్టేవాడి పేరు మీద ఎవరు మూశారు? మూయడం అటుంచండి, వాడి పేరు ఎవరికైనా గుర్తుందా?

వాడు మనవాడే. పింజారీ, లద్దాఫ్, నూర్‌బాషా, దూదేకుల, ఎన్ని పేర్లతో పిలిచినా కలిమా చదివినవాడే. భుజాన విల్లు, చేతిలో కొయ్య గూటం పట్టుకుని గల్లీలోకి వస్తే, ఆ తాడు మోత విని పిల్లలు పరిగెత్తేవాళ్లు. వాకిట్లో పాత తోషక్ విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మబ్బులా చేసి, మళ్లీ నింపి, పెద్ద సూదితో కుట్టి ఇచ్చేవాడు. తకియాలకు బూరుగు దూది. మూడేళ్లకోసారి ఏకిస్తే అదే గద్దా మళ్లీ కొత్తది. పారేసేది ఏమీ లేదు. కూలీ డబ్బు ఆ సాయంత్రమే ఊళ్లోని కిరానా దుకాణంలో పడేది.

మరి మనం వాడికి ఏమిచ్చాం? "వాళ్లకు ఉర్దూ రాదు", "ఆధా ముసల్మాన్" అని నవ్వాం. షరీఫ్ ఖాందాన్ అని చెప్పుకునే ఇళ్లు వాళ్లతో రిష్తా కలపలేదు. వాకిట్లో పని చేయించుకుని, వాకిట్లోనే నీళ్లిచ్చాం. ఆ బిరాదరీ నుంచి వచ్చిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా మోగించి 1986లో పద్మశ్రీ తీసుకున్నాడు. ఆయన జీవిత కథ పుస్తకం పేరు "పింజారి". లోకం ఏ మాటను గాలీగా వాడిందో ఆ మాటే ఆయన పుస్తకం అట్ట మీద ఉంది. మన ఎన్ని ఇళ్లలో ఆ పుస్తకం ఉంది?

పింజారీ పని జన్నత్ అని నేను అనడం లేదు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి దగ్గుతూ పోయిన ముసలివాళ్లను చూశాను. దూది గద్దా బరువు, గడ్డలు కడుతుంది, ఎండలో వేయాలి, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఎవరు వేస్తారు? ఒప్పుకుంటాను. లేటెక్స్ మంచి సరుకే. నడుముకు ఆసరా ఇస్తుంది, ఏళ్లకేళ్లు ఆకారం చెడదు. సొంత కమాయీతో, సొంత ఇంటికి, సొంత నడుము కోసం కొనుక్కునేవాడికి ముబారక్. అతనికి ఒక్క మషవరా: "నేచురల్" అనే ముద్ర చూసి ఆగకండి. పెట్రోలియం నుంచి తీసే సింథటిక్ లేటెక్స్ ను చెట్టు పాలతో కలిపి పోస్తారు, ఆ పాళ్లు బయటి గలీబు చెప్పదు. జిప్ తీసి లోపల చూపించమనండి, ఏది ఎంత శాతమో బిల్లు మీద రాయమనండి. పసుపులో పిండి కలిస్తే వేలితో నలిపి పట్టేసే మన వాళ్లు, 72 వేల వస్తువు దగ్గర జిప్ తీయమని అడగడానికి సిగ్గు పడతారు. కొలతలో మోసం చేసేవాళ్ల మీద ఖుర్ఆన్‌లో ఏకంగా ఒక సూరా ఉంది, ముతఫ్ఫిఫీన్. జుమా ఖుత్బాలో దాన్ని దుకాణాల మీదికి తిప్పి చెప్పిన ఖతీబ్ సాబ్ నాకు ఇంకా తగల్లేదు.

నా ఝగడా లేటెక్స్ తో కాదు. ఇంకొకరి జేబుతో లేటెక్స్ కొనిపించేవాడితో.

వాళ్ల దగ్గర ఒక దలీల్ రెడీగా ఉంటుంది: "జహేజె ఫాతిమీ". రసూలుల్లాహ్ (స) తన బిడ్డ హజ్రత్ ఫాతిమా (రజి) కు పెళ్లిలో సామాను ఇచ్చారు కదా, అది సున్నత్ కదా అంటారు. సరే, ఆ సామాను ఏమిటో చూద్దాం. రివాయతుల్లో ఉన్నది ఒక దుప్పటి, ఒక నీళ్ల తోలు సంచి, గడ్డి నింపిన ఒక తకియా. ఇంకో సంగతి మన ఉలమా ఎప్పటినుంచో చెబుతున్నారు: హజ్రత్ అలీ (రజి) తన జిరహ్ అమ్మి మెహర్ ఇచ్చారు, ఆ పైకంతోనే ఇంటి సామాను వచ్చింది. అంటే అబ్బాయి కవచం అమ్మాడు. మన దగ్గర అమ్మాయి అమ్మీజాన్ గాజులు అమ్ముతోంది. ఇది ఫాతిమీ ఎలా అయింది?

ఇక స్వయంగా రసూలుల్లాహ్ (స) పరుపు. తోలు సంచిలో ఖర్జూరపు పీచు నింపినది అని హజ్రత్ ఆయిషా (రజి) నుంచి బుఖారీలో ఉంది. సీరత్ జల్సాల్లో ఇది విని కళ్లు తుడుచుకున్నవాడే ఇంటికి వెళ్లి "ఎనిమిది ఇంచులదా, ఆరు ఇంచులదా" అని అడుగుతాడు.

ఫిఖ్ మాట ఇంకా సాఫ్. భార్యకు తిండి, బట్ట, ఇల్లు మర్ద్ జిమ్మా. మన హనఫీ ఫుఖహా పడకను కూడా అందులోనే లెక్కపెట్టారు. గద్దా అబ్బాయి కొనాలి. ఇది నా రాయ్ కాదు, మసీదులో ఇమామ్ సాబ్ ను అడగండి. "వాళ్లు ఖుషీతో ఇస్తున్నారు" అనే మాట కూడా ఆయన ముందే అనండి. ఇవ్వకపోతే ఏమవుతుందో తెలిసినవాడు ఇచ్చేదాన్ని ఖుషీ అనరు. దునియా ఖానూన్ కూడా ఇంతే చెబుతుంది. 1961 చట్టం ప్రకారం అడగడమే జుర్మ్, "జరా అచ్ఛా" అని మీఠీగా అడిగినా సరే.

ఆర్మూర్, పెర్కిట్ మసీదు కమిటీలకు నా గుజారిష్ ఒకటుంది. నిఖా రోజు ఖాజీ సాబ్ రిజిస్టర్ లో మెహర్ రాస్తారు కదా. దాని పక్కనే ఒక కాగితం పెట్టి, మంచం, గద్దా, అల్మారీ ఎవరు కొన్నారో అబ్బాయి తోనే పెద్ద గొంతుతో చెప్పించండి. అబ్బాయి కొన్నాడంటే మాషా అల్లాహ్. మామ కొన్నాడంటే, అది కూడా మైకులో చెప్పనివ్వండి. డీజే వద్దని నియమం పెట్టిన కమిటీలు ఉన్నాయి, బిర్యానీతో పాటు ఇంకెన్ని రకాలు వండొచ్చో చెప్పిన కమిటీలు ఉన్నాయి. గద్దా దగ్గర మాత్రం అందరి జబాన్ ఎందుకు ఆగుతుందో నాకు తెలుసు. కమిటీ మెంబర్ల కొడుకుల పెళ్లిళ్లు ఇంకా కావాలి.

ఇది రాయడానికి ముందు పెర్కిట్ లో పాత దూది మిషన్ పెట్టుకున్న ఒక పెద్దాయనను కలిశాను. విల్లు అటక మీద ఉంది. మిషన్ చలికాలంలో నాలుగు రోజులు తిరుగుతుంది, రజాయిలు ఏకడానికి. మిగతా రోజులు ఆయన చాయ్ హోటల్ ముందు కూర్చుంటాడు. మాటల్లో ఆయన చిన్న బిడ్డ షాదీ సంగతి వచ్చింది. గద్దా మీరే కుట్టి ఇచ్చారా చాచా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "లేటెక్స్ అడిగిన్రు బేటా. కాళ్లా వేళ్లా పడి ఫోమ్‌కు ఒప్పించిన. ఇంకా 11 వేలు బాకీ ఉన్న."