యంత్రం మనది - ఆట ఎవరిది?

సాయంకాలం తరగతులు ముగిసిన తర్వాత మన కళాశాల వరండాలో పదిమంది విద్యార్థులు వరుసగా తలలు వంచుకొని కూర్చుని ఉంటారు. దూరంనుండి చూచే పెద్దలకు పరీక్షలు సమీపించినవని తోచవచ్చు. దగ్గరకు వెళ్ళి చూస్తే ప్రతివాని చేతిలోను సెల్‌ఫోను, అందులో ఒక యుద్ధరంగం. ఆ పదిమందిలో మేమూ ఉన్నామని ముందుగానే ఒప్పుకొంటున్నాము. తప్పు ఒప్పుకొన్నవాని మాటకు కొంత విలువ ఉంటుందన్న ఆశతో, వీడియో ఆటలనుగురించిన మా అభిప్రాయాలను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

ఇందుకొక కారణమున్నది. వసతిగృహంలో మా తోటి విద్యార్థి ఒకడు ఫోనులో డబ్బు పెట్టి పేకాడి, పరీక్ష రుసుముకని ఇంటినుండి వచ్చిన మొత్తాన్ని ఒక్క రాత్రిలో పోగొట్టుకొన్నాడు. మేమందరము తలా కొంత వేసుకొని ఆ రుసుము కట్టాము. విషయం బయటపడిన తర్వాత, వసతిగృహంలో ఫోన్లనే నిషేధించాలన్న ఆలోచన బయలుదేరినది. పెద్దల ఆవేదన న్యాయమైనదే. కాని రోగమేదో గుర్తించకుండా మందు వేయరాదని మా మనవి.

ఆట వేరు, జూదం వేరు. మన రాష్ట్ర ప్రభుత్వం 2020లోనే జూద నిరోధక చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పందెపు ఆటలను ఒకవైపు, పోటీ క్రీడలైన ఈ-స్పోర్ట్స్‌ను మరొకవైపు ఉంచినది. చట్టం గీసిన గీతను మన కళాశాల చెరిపివేయనక్కరలేదు. డబ్బు పెట్టి ఆడేవానిని కమిటీవారు కఠినంగా మందలించినా మేము అడ్డుచెప్పము.

ఇక కేవలం నిషేధమే ఫలించునా? 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించినది. 2021 జులైలో ఆ ఆటే కొత్త పేరుతో వచ్చినది. 2022 జులైలో తొలగినది. 2023 మే నెలలో మరల వచ్చినది. ఈ రాకపోకల నడుమ ఆటగాళ్ళెవరూ పాఠ్యపుస్తకాలవైపు మరలినట్లు మేము చూడలేదు. వేరొక ఆటవైపు మరలినారు. నిషేధం ఆటను మార్చినది గాని అలవాటును మార్చలేదు.

ఆటలు మనిషిని పాడుచేస్తాయన్న అభియోగం నిన్నటిది కాదు. మున్షీ ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసిన చదరంగపు ఆటగాళ్ళ కథ మన ఉర్దూ శాఖ మిత్రులకు సుపరిచితమే. 1856లో ఆంగ్లేయులు అవధ్ రాజ్యాన్ని కబళిస్తూ ఉండగా, లక్నో జాగీర్దారులిద్దరు పావులమీదనుండి చూపు మరల్చరు. సత్యజిత్ రే 1977లో దానిని చలనచిత్రంగా తీశారు. ఆ కథలో దోషం చదరంగానిది కాదు, ఇల్లు కాలుతున్నా లేవని మనుషులది. అదే చదరంగం మన కోనేరు హంపికి 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ కిరీటాన్ని తెచ్చిపెట్టినది. మన దేశపు చతురంగమే పారశీకుల చెంత చత్రంగ్ అయి, అరబ్బుల నోట షత్రంజ్ అయి, ఉర్దూ ద్వారా తిరిగి మన ఇల్లు చేరినది. తెలుగు చదరంగం, ఉర్దూ షత్రంజ్ ఒక తల్లి బిడ్డలే.

అయితే నేటి ఆటలన్నిటిని మేము వెనకేసుకొని రావడంలేదు. పూర్వం నోకియా ఫోనులో 1997నుండి వచ్చిన పాము ఆట ఉండేది. పాము తన తోకను తానే కరిస్తే ఆట ముగిసేది. మనము లేచి అన్నానికి వెళ్ళేవారము. ఇప్పటి ఉచిత ఆటలకు ముగింపు లేదు. "రేపు రాకపోతే బహుమతి పోతుంది" అని బెదిరిస్తాయి. తుపాకీకి రంగు మార్చడానికి డబ్బు అడుగుతాయి. ఆ రంగు వేస్తే గుండు వేగం పెరగదు, పర్సు బరువు మాత్రం తగ్గుతుంది! ముగిసే ఆటే మంచి ఆట అన్నది మా అనుభవసారం. ఆట కోసం వాయిదాలమీద ఖరీదైన ఫోను కొనడం కూడా అవివేకమే. పాత ఫోనులో ఆడగలిగిన మంచి ఆటలకు కొదవలేదు.

ఇంతకంటె మా మనస్సును కలతపెట్టే విషయం మరొకటున్నది. ఈ ఫోన్లు పరదేశంలోనే పుట్టినవని అనుకొనే కాలం పోయినది. అప్పటి చిత్తూరు జిల్లాలోని, 2022 ఏప్రిల్ 4నుండి తిరుపతి జిల్లాకు చెందిన సత్యవేడు ప్రాంతపు శ్రీసిటీలో, 2015లో ఫాక్స్‌కాన్ కర్మాగారం షావోమి ఫోన్లను తయారుచేయ నారంభించినది. వేలమంది యువతులు తెల్లవారకముందే బస్సులెక్కి వెళ్ళి ఆ పని చేశారు. 2018లో తిరుపతిలోని డిక్సన్ కర్మాగారంలో అదే సంస్థ టెలివిజన్ల తయారీ ప్రారంభమైనది. అనగా యంత్రాన్ని బిగించిన చేతులు మన అక్కచెల్లెళ్ళవి. దానిమీద ఆడే వేళ్ళు మనవి. ఈ రెంటి నడుమనున్న ఆట మాత్రం కొరియాలోనో, చైనాలోనో, అమెరికాలోనో తయారై వస్తున్నది. మనము యంత్రానికి కూలివారము, ఆటకు ఖాతాదారులము. ఆటకు కర్తలము ఎప్పుడగుదుము?

మన భాషల గతి కూడ ఇందులోనే ఉన్నది. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞానం' అన్న మాటకు మొదటి అక్షరమైన 'జ్ఞా' ఒకానొక కూర్పులో సందేశంగా వస్తే ఆపిల్ ఐఫోనులో సందేశాల విభాగం కుప్పకూలినది. ఆ నెలలోనే సంస్థవారు సవరణ పంపినారు. జ్ఞానాన్ని భరించలేని ఫోనని అప్పుడు మేము నవ్వుకొన్నాము. నవ్వు ఆగిన తర్వాత ఆలోచించాము. కోట్లమంది వ్రాసే లిపిని ఆ యంత్రం అమ్మకానికి ముందు ఎంత శ్రద్ధగా పరీక్షించి ఉంటారు? ఆటల్లో నేటికీ ఎన్నోచోట్ల తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. ఉర్దూ అక్షరాలు చేయి వదలి విడివిడిగా నిలుస్తాయి. ఆటను మనము తయారుచేయనంతకాలం మన అక్షరం అక్కడ అతిథిగానైనా సరిగా కూర్చోలేదు.

మన చేతిలో సరకు లేదా? మన పల్లెల్లో అరుగుమీద బొగ్గుతో గీసి ఆడే పులిజూదాన్ని స్మరించండి. పేరులో జూదమున్నా పందెం లేదు. 3 పులులు, 15 మేకలు. పులి దూకి చంపగలదు, మేక చంపలేదు. అయినా మేకలు తొందరపడక, ఒకదాని వెనుక ఒకటి నిలిచి, పులిని కదలనీయకుండ చేసి గెలుస్తాయి. ఇరుపక్షాల బలం అసమానంగా ఉండి కూడ ఆట రక్తికట్టించడం నేటి వీడియో ఆటల రచయితలకు కఠిన సమస్య. మన తాతలు దానిని నేలమీద పరిష్కరించారు. జపానులోని నింటెండో సంస్థ 1889లో పేకముక్కలు చేసే అంగడిగానే పుట్టినది. పాత ఆటలోనుండి కొత్త ఆటకు నడచిన దారి అది.

కనుక కమిటీ పెద్దలకు మా విజ్ఞప్తి ఇది. వసతిగృహంలో చదువు వేళలకు, నిద్ర వేళకు ఫోన్లను అప్పగించే నియమం పెట్టండి, మేము శిరసావహిస్తాము. దానికి బదులుగా వారానికొక సాయంకాలం కంప్యూటర్ గదిని మాకు తెరిచి ఉంచండి. ఆటలు తయారుచేసే 'గోడో' అనే సాధనానికి రుసుము లేదు. 2023లో వచ్చిన దాని నాల్గవ రూపంలో కుడినుండి ఎడమకు నడిచే లిపులకు, ఒత్తులున్న లిపులకు కూడ ఏర్పాటున్నది. తెలుగు శాఖ, ఉర్దూ శాఖ, కంప్యూటర్ శాఖ విద్యార్థులు కలిసి కూర్చుంటే, వచ్చే వార్షికోత్సవంనాటికి పులిజూదాన్ని రెండు భాషలలోను తెరమీద ఆడించవచ్చు. అది చిన్న ఆటే కావచ్చు. దానిలో తప్పులూ ఉండవచ్చు. కాని ఆ తప్పులు మనవి. వాటిని దిద్దుకొనడమే చదువు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మన ఫీజు కట్టడానికి ఇంటివద్ద ఎవరో ఒకరు తమ ఆట మానుకొన్నారు. ఆ సంగతి మరువకుండా ఆడుదాము. పరీక్ష రుసుము పోగొట్టుకొన్న మా మిత్రుడు ఇప్పుడు పేకాట మానినాడు. కంప్యూటర్ గది తెరిస్తే మొదట వచ్చి కూర్చునేది తానేనని మాకు మాట ఇచ్చినాడు.